ఇంటి స్టూడియోలో గుయ్యిమనే శబ్దం: వైరింగు, మైకు, గది, సాఫ్ట్‌వేర్... ముందు దేనికి ఖర్చు పెట్టాలి?

బతుకమ్మ పండుగ ఇంకో రెండు నెలలుందనగా నాకు ఫోన్లు మొదలవుతాయి. కొత్త పాట రాసుకున్నవాళ్ళు, ట్రాక్ చేయించుకుని గొంతు మాత్రం ఇంట్లోనే పాడుకుందామనుకున్నవాళ్ళు, పిల్లలకు లెక్కలు చెప్పి వీడియోలు పెట్టే సార్లు. అందరి బాధా ఒకటే. "అన్నా, పాట మంచిగనే వచ్చింది గానీ వెనకాల ఏదో గుయ్యిమంటుంది. ఇంకో మైకు కొనమంటవా?"

ఇప్పుడే కొనొద్దంటాను. ఆ శబ్దం ఎక్కడ పుడుతుందో ముందు తేల్చుకోమంటాను. ఇంటి రికార్డింగులోకి శబ్దం మూడు చోట్ల నుంచి వస్తుంది: కరెంటు వైర్లు, పరికరాలు, గదిలో గాలి. ఒక చోటికి వేసిన మందు ఇంకో చోటికి పనికిరాదు. ఎర్తింగు లేని ఇంట్లో ఎంత ఖరీదైన మైకు పెట్టినా గుయ్యి పోదు. కిటికీ పక్కనే రోడ్డుంటే ఎంత మంచి ఎర్తింగైనా లారీ హారన్‌ను ఆపదు.

ఈ సంగతి నేను డబ్బు పోగొట్టుకుని తెలుసుకున్నాను. నల్లగొండలో మేడ మీద ఒక అర్రను స్టూడియోగా మార్చుకున్న మొదటి ఏడాది, ఏ పాట రికార్డు చేసినా కింద సన్నగా ఒక గుయ్యి ఉండేది. మైకు మార్చాను, పోలేదు. అప్పు చేసి ఇంకో మైకు తెచ్చాను, అయినా పోలేదు. ఒక రాత్రి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వింటూ లాప్‌టాప్ మెటల్ బాడీ మీద అరచెయ్యి ఆనించాను. గుయ్యి సగానికి తగ్గింది. చెయ్యి తీస్తే మళ్ళీ పెరిగింది. నాలుగైదు సార్లు పెట్టి తీసి చూశాను, ప్రతిసారీ అంతే. మర్నాడు కరెంటు పని చేసే అన్నతో సాకెట్టు విప్పిస్తే మూడో పిన్నుకు వైరే లేదు. గోడ డబ్బాలో పచ్చ వైరు చుట్టచుట్టి పడి ఉంది. నా చార్జర్‌కు మూడు పిన్నులున్నాయి గానీ మూడోది ఉత్త రంధ్రంలోకి పోతోంది. ఆ వైరు బిగించడానికి పది నిమిషాలు పట్టింది. పాత మైకే ఇప్పటికీ వాడుతున్నాను.

దేన్ని బట్టి ఎంచుకోవాలి

శబ్దం పుట్టే చోటు మొదటిది, దాని గురించి కింద వివరంగా చెప్తాను. రెండోది, ఇల్లు సొంతమా కిరాయా అన్నది. కిరాయి ఇంట్లో గోడకు మేకు కొట్టాలన్నా ఓనర్‌ను అడగాలి, కొత్త ఎర్త్ గుంత తవ్వించడం కుదరదు. మూడోది, మీరు రికార్డు చేసేదేమిటి అన్నది. డప్పుకు, కిన్నెరకు ఒకే సలహా చెప్పలేం. నాలుగోది, శబ్దానికి వేసే మందు గొంతును ఎంత పాడు చేస్తుంది అన్నది. వైరింగు బాగు చేస్తే గొంతుకు ఏ నష్టమూ లేదు, సాఫ్ట్‌వేర్‌తో తీస్తే కొంతైనా ఉంటుంది.

ఇంకొకటి, ఎంత నిశ్శబ్దం చాలు అన్నది కూడా ముందే అనుకోవాలి. ఆడియో పుస్తకాలు తీసుకునే ఏసీఎక్స్ అనే వేదిక, మాట లేని చోట శబ్దం మైనస్ 60 డీబీ (డెసిబెల్, రికార్డింగు పైహద్దు నుంచి కిందికి లెక్క) కన్నా తక్కువ ఉండాలంటుంది. ఉత్త గొంతు మాత్రమే ఉండే పనికి అది మంచి కొలత. ఢోలక్, కీబోర్డు మోగే జానపద పాటకు అంత పట్టుదల అక్కర్లేదు, మైనస్ 50 దగ్గరున్నా ట్రాక్ కప్పేస్తుంది. ఇది తెలియక పాటల వాళ్ళు అనవసరంగా టెన్షన్ పడతారు. పాఠాలు, కథలు చెప్పేవాళ్ళేమో పట్టించుకోవాల్సినంత పట్టించుకోరు.

ముందు తేల్చుకోండి: కరెంటు పోయిన పూట చేసే పరీక్ష

ఫ్యాను, కూలరు, ఫ్రిజ్ స్విచ్చులు ఆపండి. మీరు రోజూ పెట్టుకునే గెయిన్‌లోనే (మైకు సిగ్నల్‌ను పెంచే మీట స్థాయి) ఇరవై సెకన్లు ఏమీ మాట్లాడకుండా రికార్డు చేయండి. తర్వాత లాప్‌టాప్ చార్జర్ పీకి బ్యాటరీ మీద ఇంకో ఇరవై సెకన్లు. తర్వాత ఇంటి మెయిన్ ఆపి, ఇన్వర్టర్ కూడా ఆపి, ఇంకో ఇరవై సెకన్లు. యూఎస్‌బీ నుంచే కరెంటు తీసుకునే ఇంటర్‌ఫేస్ (మైకును కంప్యూటరుకు కలిపే పెట్టె) అయితే ఇది తేలిక. మెయిన్ ఆపడం ఇష్టం లేకపోతే కరెంటు పోయేదాకా ఆగండి, మన దగ్గర గాలివాన వస్తే ఎట్లాగూ పోతుంది.

మూడు ముక్కలనూ పక్కపక్కన పెట్టి వినండి. చార్జర్ పీకగానే పోయిందంటే తప్పు చార్జర్, ఎర్తింగు దగ్గర. మెయిన్ ఆపితేనే పోయిందంటే ఇంటి వైరింగు, బల్బులు, రెగ్యులేటర్లలో ఏదో ఒకటి. మూడింట్లోనూ ఉంటే కరెంటుకు సంబంధం లేదు. అప్పుడు మైకును మందపాటి బొంతలో చుట్టి బీరువాలో పెట్టి మళ్ళీ రికార్డు చేయండి. శబ్దం తగ్గితే అది గదిది. తగ్గకపోతే మైకుదో, కేబుల్‌దో, ఇంటర్‌ఫేస్‌దో.

చెవికి ఎట్లా వినిపిస్తుందన్న దాన్ని బట్టి కూడా చాలావరకు పట్టుకోవచ్చు:

| వినిపించేది | సాధారణంగా కారణం | వెంటనే చేసి చూడాల్సింది |
|---|---|---|
| లోతుగా, ఒకే శ్రుతిలో గుయ్యి | ఎర్తింగు లేకపోవడం, గ్రౌండ్ లూప్ (రెండు ఎర్తు దారుల మధ్య కరెంటు తిరగడం) | చార్జర్ పీకడం, అన్నీ ఒకే బోర్డుకు పెట్టడం |
| బర్రుమనే గరగర | ఫ్యాన్ రెగ్యులేటరు, నాసిరకం ఎల్ఈడీ బల్బు, స్క్వేర్ వేవ్ ఇన్వర్టరు | ఒక్కొక్కటి ఆపి చూడటం |
| మౌస్ కదిపితే మారే సన్నటి కీచు | కంప్యూటరు యూఎస్‌బీ కరెంటు | వేరే పోర్టు, బ్యాటరీ మీద నడపడం |
| వాన దూరంగా పడుతున్నట్టు సుయ్యి | గెయిన్ మరీ ఎక్కువ, ప్రీయాంప్ (ఇంటర్‌ఫేస్‌లో సిగ్నల్‌ను పెంచే భాగం) బలహీనం | మైకుకు దగ్గర జరిగి గెయిన్ తగ్గించడం |
| టిక్ టిక్, మధ్యలో మాట తెగడం | బఫర్ (కంప్యూటరు శబ్దాన్ని కాసేపు దాచుకునే చోటు) చాలకపోవడం, డ్రైవర్ | బఫర్ 512కు పెంచడం |
| చిటపట | కేబుల్ లోపల తెగడం, మైకులో తేమ | కేబుల్‌ను రెండు కొసల దగ్గర కదపడం |
| రేకు డబ్బాలో మాట్లాడినట్టు | గది ప్రతిధ్వని | చప్పట్లు కొట్టి వినడం |

మొదటి దారి: వైరింగు, ఎర్తింగు

మన కరెంటు 50 హెర్ట్జ్. అందుకే గుయ్యి 50 దగ్గర, దాని రెట్లైన 100, 150 దగ్గర వస్తుంది. మగ గొంతు అడుగు భాగం కూడా దాదాపు 100 దగ్గరే ఉంటుంది కాబట్టి తర్వాత ఫిల్టరు వేసి కోస్తే గొంతు కూడా తెగుతుంది. వేరులోనే తీయాలనేది ఇందుకే.

మన నేల సంగతి కూడా ఇక్కడ చెప్పుకోవాలి. నల్లగొండైనా పాలమూరైనా చాలా చోట్ల పైన చల్క నేల, కింద గ్రానైట్ రాయి. నీళ్ళు నిలవవు. బొగ్గు, ఉప్పు వేసి పాతిన ఎర్త్ గుంత ఎండాకాలం వచ్చేసరికి ఎండిపోతుంది, ఎండిన మట్టిలోకి కరెంటు దిగడం కష్టమవుతుంది. వానాకాలం బాగున్న రికార్డింగు ఏప్రిల్‌లో గుయ్యిమనడానికి ఇది ఒక కారణం. గుంతలో బకెట్టు నీళ్ళు పోయడం పెద్దవాళ్ళు ఊరికే పెట్టిన అలవాటు కాదు.

ఎలక్ట్రీషియన్‌ను పిలిచి మల్టీమీటరుతో చూపించమనండి. ఫేజుకూ ఎర్తుకూ మధ్య దాదాపు 230 వోల్టులు రావాలి. న్యూట్రలుకూ ఎర్తుకూ మధ్య రెండు మూడు వోల్టులకు మించకుంటే మంచిది. సొంతిల్లయితే మెయిన్ బోర్డు నుంచి స్టూడియో అర్రకు ఫేజు, న్యూట్రల్, ఎర్తు మూడూ విడిగా లాగించండి. నా లెక్కలో ఈ ఖర్చు అన్నిటికన్నా ముందు వస్తుంది.

కిరాయి ఇంట్లో ఉన్నవాళ్ళు లాప్‌టాప్, ఇంటర్‌ఫేస్, కీబోర్డు, స్పీకర్లు అన్నీ ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్సుకు పెట్టండి. రెండు సాకెట్ల నుంచి తీసుకుంటే రెండు ఎర్తు దారులు ఏర్పడి, వాటి మధ్య తిరిగే కరెంటే గుయ్యిగా వినిపిస్తుంది. గ్రౌండ్ లూప్ అనేది అదే. కీబోర్డును ఇంటర్‌ఫేస్‌కు కలిపితేనే గుయ్యి వస్తోందంటే మధ్యలో గ్రౌండ్ లిఫ్ట్ స్విచ్చు (సిగ్నల్ కేబుల్లో మాత్రమే ఎర్తు కలయికను తెంచేది) ఉన్న డీఐ బాక్సు, అంటే కీబోర్డు సిగ్నల్‌ను మైకు లైనుకు సరిపడేలా మార్చే చిన్న డబ్బా, పెట్టండి. రికార్డు చేసే సేపు లాప్‌టాప్ బ్యాటరీ మీద ఉంచండి. చార్జర్‌కు రెండు పిన్నులే ఉంటే గోడలో ఎంత మంచి ఎర్తున్నా అది లాప్‌టాప్ దాకా రాదని గుర్తుంచుకోండి. అట్లాంటి లాప్‌టాప్‌ను ముట్టుకుంటే చెయ్యి జివ్వుమంటుంది కూడా.

ఒక్క మాట మాత్రం దండం పెట్టి చెప్తున్నాను. గుయ్యి పోతుందని ఎవరైనా ఎర్త్ పిన్ను విరగ్గొట్టమంటే, మూడో వైరు తీసేయమంటే, వినకండి. శబ్దం నిజంగానే పోవచ్చు. కానీ ఎప్పుడైనా పరికరం లోపల ఫేజు బాడీకి తగిలితే ఆ కరెంటు మైకు పట్టుకున్న చేతిలోంచి, పెదాల్లోంచి పోతుంది. పాడేది మన ఇంటి పిల్లలే.

ఫ్యాన్ రెగ్యులేటరు గరగరకు మందు సులువు. కెపాసిటర్ రకం స్టెప్ రెగ్యులేటరు వేయించండి, లేదంటే టేకు తీసేటప్పుడు ఫ్యాను పూర్తిగా ఆపండి. ఇన్వర్టర్ కొత్తగా కొనేవాళ్ళు సైన్ వేవ్‌దే తీసుకోండి.

రెండో దారి: కేబుళ్ళు, ఇంటర్‌ఫేస్, కంప్యూటరు

ఎక్స్ఎల్ఆర్ (మూడు పిన్నుల మైకు) కేబుల్లో సిగ్నల్ రెండు వైర్ల మీద ఎదురెదురుగా పోతుంది. దారిలో దొరికిన కరెంటు శబ్దం రెండింటి మీదా ఒకే తీరుగా పడుతుంది కాబట్టి ఇంటర్‌ఫేస్ ఆ రెండింటి తేడా తీసినప్పుడు శబ్దం కొట్టుకుపోతుంది. చవక కండెన్సర్ (కరెంటు అందితేనే పనిచేసే సున్నితమైన రకం) మైకులతో పాటు ఒక కొస ఎక్స్ఎల్ఆర్, ఇంకో కొస 3.5 ఎంఎం పిన్నున్న కేబుల్ ఇస్తారు. దాంట్లో ఈ లాభం లేదు. పైగా కండెన్సర్ మైకుకు మైకు కేబుల్ గుండానే వచ్చే 48 వోల్టుల ఫాంటమ్ పవర్ కావాలి, లాప్‌టాప్ జాకు దాన్ని ఇవ్వలేదు. గొంతు సన్నగా, సుయ్యి పెద్దగా వస్తే మైకు పాడైందనుకుంటారు. మైకు బాగానే ఉంటుంది, దానికి కావలసిన కరెంటు అందడం లేదు.

కొత్త ఇంటర్‌ఫేస్ ఎప్పుడు కొనాలి? గెయిన్ చివరిదాకా తిప్పితే గానీ గొంతు అందకుండా, ఆ చివరి మలుపులో సుయ్యి లేస్తుంటే కొనండి. ఫోకస్‌రైట్ స్కార్లెట్ మూడో తరం సోలో 56 డీబీ గెయిన్ ఇస్తుంది, నాలుగో తరం 2ఐ2 అయితే 69 డీబీ. షూర్ ఎస్ఎం7బీ మైకుకు కనీసం 60 డీబీ కావాలని దాని తయారీదారే చెప్తాడు. ఆ మైకును మొదటి దానికి తగిలించి సుయ్యి వస్తోందని బాధపడేవాళ్ళను చూశాను. వాళ్ళ దగ్గరున్న రెండూ మంచివే, జత కుదరలేదంతే. పాత ఇంటర్‌ఫేస్‌నే ఉంచుకోవాలంటే క్లౌడ్‌లిఫ్టర్ లాంటి చిన్న బూస్టర్ మధ్యలో పెట్టుకోవచ్చు, అది సుమారు 25 డీబీ కలుపుతుంది.

యూఎస్‌బీ కీచుకు ఐసొలేటర్ (కరెంటు దారిని వేరు చేసే పరికరం) కొనమని చాలామంది చెప్తారు. చవకగా దొరికేవి చాలావరకు 12 ఎంబీపీఎస్ వేగానికే పనిచేస్తాయి. ఎక్కువ ఇంటర్‌ఫేస్‌లకు 480 ఎంబీపీఎస్ కావాలి, తగిలిస్తే కంప్యూటరు వాటిని అసలు గుర్తే పట్టదు. ముందు పోర్టు మార్చి చూడండి, తర్వాత సొంత అడాప్టరున్న హబ్బు.

టిక్ టిక్ శబ్దానికి రూపాయి ఖర్చు లేదు. బఫర్ 128 ఉంటే 512 చేయండి. 44.1 కిలోహెర్ట్జ్ దగ్గర 512 అంటే సుమారు 12 మిల్లీసెకన్లు. మీ గొంతును ఇంటర్‌ఫేస్ మీదున్న డైరెక్ట్ మానిటర్ నుంచి వింటుంటే ఆ ఆలస్యం మీకు తెలియదు. వీడియో కోసమైతే ఇంటర్‌ఫేస్, ప్రాజెక్టు రెండూ 48 కిలోహెర్ట్జ్‌లో ఉన్నాయో లేదో చూసుకోండి.

మూడో దారి: మైకు మార్చడం

డైనమిక్ మైకు (సభల్లో చేత్తో పట్టుకునే, కరెంటు అక్కర్లేని రకం) గది శబ్దం తీసుకోదని ఒక మాట బాగా ప్రచారంలో ఉంది. అది సగమే నిజం. ఒకే దూరంలో పెట్టి, గొంతు ఒకే స్థాయికి తెచ్చుకుంటే రెండు మైకుల్లోనూ గది శబ్దం దాదాపు అంతే ఉంటుంది. డైనమిక్ మైకును పెదాల దగ్గర పెట్టుకుని పాడటం మనకు అలవాటు, మేలంతా అక్కడ ఉంది. దూరం సగమైతే గొంతు 6 డీబీ పెరుగుతుంది. జానెడు దూరం నుంచి బెత్తెడు దూరానికి వస్తే 9 డీబీ దాకా లాభం. మైకు మార్చకముందు ఈ పని చేసి చూడండి, పాప్ ఫిల్టర్ (ఊపిరి తగలకుండా మైకు ముందు పెట్టే జాలి) ఒకటి పెట్టుకుని. మైకు వీపును శబ్దం వచ్చే వైపుకు తిప్పండి. ముందు వైపే బాగా వినే కార్డియాయిడ్ రకం మైకుకు వెనకాల చెవి మందం.

మైకు తన లోపలే పుట్టించే సొంత శబ్దం లెక్క కూడా చూద్దాం. ఆడియో టెక్నికా ఏటీ2020 మైకు సొంత శబ్దం 20 డీబీ, రోడ్ ఎన్‌టీ1ది 4 డీబీకి కొంచెం అటూఇటూ. కాగితం మీద చాలా తేడా. కానీ మామూలు ఇంటి గది ఎంత సద్దుమణిగినా 30 డీబీ కిందికి దిగడం కష్టం. గది బాగుపడకముందు రెండోది కొంటే ఆ తేడా మీకు వినిపించదు.

డైనమిక్‌కు ఉన్న ఇబ్బంది, సిగ్నల్ తక్కువ. 1966 నుంచి ప్రపంచమంతా వాడుతున్న షూర్ ఎస్ఎం58, ఏటీ2020 కన్నా 17 డీబీకి పైగా తక్కువ ఇస్తుంది. గట్టిగా పాడే జానపద గొంతుకు, ఢోలక్‌కు అది లెక్కలోకి రాదు. మెత్తగా కథ చెప్పేవాళ్ళకు, లేదా కిన్నెర లాంటి వాద్యానికి ఇబ్బందే. 2022లో పద్మశ్రీ అందుకున్న కిన్నెర కళాకారుడు దర్శనం మొగులయ్య నాగర్‌కర్నూల్ జిల్లా మనిషే. ఆ పన్నెండు మెట్ల కిన్నెర నాదం ఎంత సున్నితమో విన్నవాళ్ళకు తెలుసు. దానికి కండెన్సరే కావాలి, కండెన్సర్‌కు నిశ్శబ్దమైన గది కావాలి.

కాలర్ మైకు వాడే సార్లకు ఒక మాట. బోయా బీవై-ఎం1 లాంటి వాటికి చిన్న డబ్బా మీద స్విచ్చు ఉంటుంది. ఫోనుకు పెట్టినప్పుడు ఒక వైపు, కెమెరాకు పెట్టినప్పుడు ఇంకో వైపు. కెమెరా వైపుకు లోపలి బటన్ సెల్ కావాలి. మైకు పాడైందని నా దగ్గరికి తెచ్చినవాటిలో స్విచ్చు తప్పు వైపు ఉన్నవి కొన్ని.

కూలర్ ఉన్న ఇళ్ళలో కండెన్సర్ మైకు చిటపటమంటే అది తేమ కావచ్చు. కూలర్ గాలి ఆ అర్రలోకి రానివ్వకండి. మైకును సిలికా జెల్ పొట్లాలతో మూత గట్టిగా పడే స్టీలు డబ్బాలో పెట్టండి, రెండు రోజుల్లో మామూలవుతుంది. వానాకాలమంతా దాని చోటు అదే అనుకోండి.

నాలుగో దారి: గది

ఇక్కడ రెండు వేర్వేరు పనులను ఒకటిగా అనుకుని చాలామంది మోసపోతారు. బయటి శబ్దం లోపలికి రాకుండా ఆపడం ఒకటి. లోపలి గొంతు గోడలకు తగిలి మళ్ళీ మైకులో పడకుండా చూడటం ఇంకొకటి. మొదటిదానికి బరువు కావాలి, గాలి చొరబడని మూత కావాలి. రెండోదానికి మెత్తదనం, మందం కావాలి. గోడకు స్పాంజీ అతికిస్తే రెండో పని కొంత అవుతుంది, మొదటి పని అస్సలు కాదు. కోడిగుడ్ల అట్టలు రెండింటికీ పనికిరావు.

మన పాత ఇళ్ళ రాతిగోడలు మొదటి పనికి చాలా మంచివి. బలహీనమైంది కిటికీ, దర్వాజ కింది సందు. కిటికీ కొలతకు మందపాటి ప్లైవుడ్ కోయించి, అంచులకు రబ్బరు అంటించి, లోపలి నుంచి బిగిస్తే తేడా వెంటనే తెలుస్తుంది. మేలో గది ఉడికిపోతుంది, అది ఒప్పుకోవాలి. కూలర్‌తో గది చల్లబరుచుకుని, ఆపి, ఒక పాట పాడి, మళ్ళీ వేసుకోవడమే. మిర్యాలగూడలో రైస్ మిల్లు పక్కన, చిట్యాలలో హైవే మీద, జడ్చర్లలో 44వ నంబరు జాతీయ రహదారి పక్కన ఉన్నవాళ్ళు కిటికీ మూసి కూడా లోతైన శబ్దాన్ని పూర్తిగా ఆపలేరు. వాళ్ళకు రాత్రి పదకొండు తర్వాత పని తప్పదు, లేదా ఇంట్లో రోడ్డుకు దూరంగా ఉన్న అర్ర చూసుకోవాలి. రేకుల ఇంట్లో వాన పడితే ఆ రోజుకు పని కట్టిపెట్టడమే.

ప్రతిధ్వనికి వస్తే, మనవి షాబాదు బండల నేలలు, సున్నం వేసిన గోడలు, పైన స్లాబు. ఆరు వైపులా గట్టిదనం. చప్పట్లు కొడితే టంగుమంటుంది. దీనికి నాలుగు రకాల సరుకు వాడి చూశాను:

| సరుకు | ఎక్కడ బాగుంటుంది | ఇబ్బంది |
|---|---|---|
| గొంగడి | కిరాయి ఇల్లు, గొంతు రికార్డింగు | లోతైన శబ్దానికి చాలదు, పురుగు పడుతుంది |
| పత్తి పరుపు, 4 అంగుళాలు | మూలలు, పాడేవాళ్ళ వెనక గోడ | నిప్పంటుకునే ప్రమాదం, బరువు |
| రాక్‌వూల్ (రాతి పీచు) పలక | సొంతిల్లు, శాశ్వతంగా చేసేవాళ్ళు | దురద, చెక్క చట్రం, గుడ్డ కవరు కావాలి |
| స్పాంజీ ఫోమ్ | పైస్థాయి మోత తగ్గించడానికి | పలుచన, గొంతు డొల్లగా మిగులుతుంది |

గొంగడి గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. మన కురుమలు నేసే నల్ల గొర్రె ఉన్ని గొంగడి చేత్తో పట్టుకుంటేనే బరువు తెలుస్తుంది, నేత బిర్రుగా ఉన్నా పీచు పైకి లేచి ఉంటుంది. శబ్దం ఆ పీచులో చిక్కుకుంటుంది. గోడకు ఆనించి వేలాడదీస్తే సగం పనే చేస్తుంది. గోడకు నాలుగు అంగుళాల ఎడంగా, రెండు పొరలు మడిచి, బట్టలారేసే తాడు మీద వేయండి. ఆ ఖాళీ వల్ల ఇంకా కింది శ్రుతులను కూడా పట్టుకుంటుంది, నాలుగు అంగుళాల ఎడం సుమారు 850 హెర్ట్జ్ దగ్గర బాగా పనిచేస్తుంది. ఒకటి పాడేవాళ్ళ వీపు వెనక, రెండు పక్కలకు ఒక్కోటి, కింద జంఖానా. కొత్త గొంగడికి గొర్రె వాసన ఉంటుంది, రెండు రోజులు ఎండలో వేస్తే తగ్గుతుంది. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు మడిచి తీసుకుపోవచ్చు, చలికాలం కప్పుకోవచ్చు. కిరాయి ఇంట్లో ఉన్నవాళ్ళకు ఇంతకన్నా మంచి సరుకు నాకు తెలియదు.

పత్తి పండే జిల్లాలు మనవి. దూది ఏకి పరుపులు కుట్టేవాళ్ళ దగ్గర నాలుగు అంగుళాల మందంతో, నిలబెట్టడానికి వీలుగా గట్టిగా కుట్టించుకోవచ్చు. గది మూలల్లో నిలబెడితే గొంతులో బొయ్యిమనే మోత తగ్గుతుంది. అయితే పత్తి ఊరికే అంటుకుంటుంది, దగ్గర్లో బల్బు గానీ ఎక్స్‌టెన్షన్ బాక్సు గానీ ఉండకూడదు. ఆ భయం వద్దనుకునేవాళ్ళకు రాక్‌వూల్ మేలు, అది మండదు. ఘనపు మీటరుకు 48 లేదా 64 కిలోల సాంద్రతవి, 50 మిల్లీమీటర్ల పలకలు రెండు కలిపి చట్రంలో పెట్టి గుడ్డ కప్పాలి. కోసేటప్పుడు మాస్కు, చేతి తొడుగులు తప్పనిసరి.

ఐదో దారి: సాఫ్ట్‌వేర్, ఆరో దారి: వేరే స్టూడియో

ఆడాసిటీ అనే రికార్డింగు సాఫ్ట్‌వేర్‌లో నాయిస్ రిడక్షన్ (శబ్దం తగ్గించే పనిముట్టు) ఉచితం. రీపర్ అనే ఇంకో సాఫ్ట్‌వేర్‌లో అదే పనికి రీయాఫిర్ ఉంది. పాట మొదలయ్యే ముందు పది సెకన్లు మౌనంగా రికార్డు చేసి, ఆ ముక్కను నమూనాగా ఇవ్వాలి. మారకుండా ఒకే తీరుగా ఉండే సుయ్యి, గుయ్యి మీద బాగా పనిచేస్తుంది. కుక్క అరుపు, హారన్ మీద పనిచేయదు. 6 డీబీ దగ్గర మొదలుపెట్టండి, 12 దాటితే గొంతు నీళ్ళలోంచి వస్తున్నట్టు అవుతుంది. మాట కోసం తయారుచేసిన ఏఐ శుద్ధి పనిముట్లు పాఠాలకు చాలా బాగున్నాయి, పాటకు వాడొద్దు. గమకాలను, దీర్ఘం చివరి ఊపిరిని శబ్దమనుకుని కోసేస్తాయి.

నల్లగొండ నుంచైనా మహబూబ్‌నగర్ నుంచైనా హైదరాబాద్ సుమారు 100 కిలోమీటర్లు. ఏడాదికి ఒకటి రెండు పాటలే చేసేవాళ్ళకు గంటల లెక్కన స్టూడియో మాట్లాడుకోవడమే లాభం. నెలకు రెండు మూడు పాటలు చేసేవాళ్ళు ఇల్లు బాగు చేసుకోండి.

ఎవరికి ఏది

పాఠాలు చెప్పే సార్లు, మేడమ్‌లు: కాలర్ మైకు ఉంచుకోండి, లాప్‌టాప్ బ్యాటరీ మీద పెట్టండి, వెనక రెండు గొంగళ్ళు, పైన ఏఐ శుద్ధి. కొత్త మైకు వద్దు.

సొంతింట్లో జానపదం పాడేవాళ్ళు: ముందు ఎర్తింగు, తర్వాత ఎక్స్ఎల్ఆర్ కేబుల్, తర్వాత ఒక మంచి డైనమిక్. కిటికీ మూత ఆ తర్వాత. ఇంటర్‌ఫేస్ ఉన్నదే చాలు.

కథలు, ఆడియో పుస్తకాలు చదివేవాళ్ళు, కిన్నెర, వేణువు వాయించేవాళ్ళు: డబ్బులో ఎక్కువ భాగం గదికి, మిగిలింది కండెన్సర్‌కు. వరస తిరగేస్తే రెండూ దండగ.

డప్పు బృందాల వాళ్ళకు నేను ఇంట్లో రికార్డు చేయమని చెప్పను. అంత పెద్ద మోతను చిన్న అర్ర భరించదు, ఏ గొంగడీ చాలదు. గాలి పడిపోయిన తెల్లవారుజామున పత్తి కోత అయిపోయిన చేను చూసుకోండి, పక్క బోరు మోటారు ఆపమని ముందురోజే అడిగి పెట్టుకోండి. అక్కడ గోడల్లేవు కాబట్టి ప్రతిధ్వని లేదు, బ్యాటరీ మీద నడుస్తుంది కాబట్టి గుయ్యి లేదు. గడ్డి మంట వేసి డప్పులు కాపుకోవడానికి కూడా చోటుంటుంది. డైనమిక్ మైకుకు బొచ్చు తొడుగు వేసి, మూడు అడుగుల దూరంలో, నడుము ఎత్తున పెట్టండి. మంట చిటపటలు పూర్తిగా ఆగాకే మొదటి టేకు తీయండి.